ఆటోకాడ్ కొనకుండా డీడబ్ల్యూజీ డ్రాయింగును స్కేలు తప్పకుండా పీడీఎఫ్ చేయడం ఎలా?

ప్రశ్న అడిగినాయన గుంటూరులో షెడ్లు, గ్రిల్స్, మెట్ల ఫ్యాబ్రికేషన్ చేస్తారు. ఆర్కిటెక్టులు, ఇంజినీర్లు వాట్సాప్‌లో డీడబ్ల్యూజీ ఫైళ్లు (ఆటోకాడ్ అనే డ్రాయింగు సాఫ్ట్‌వేర్‌లో గీసినవి) పంపేస్తున్నారు. ఆయన దగ్గర ఆటోకాడ్ లేదు, క్రాక్ వేసుకోవడం ఇష్టం లేదు. ఏదో ఆన్‌లైన్ కన్వర్టర్‌లో పెట్టి పీడీఎఫ్ తీసి జిరాక్స్ షాపులో ప్రింట్ వేయిస్తే మూడు ఇబ్బందులు వచ్చాయి. కొన్ని గీతలు కనిపించీ కనిపించనట్టున్నాయి, స్కేలు పెట్టి చూస్తే కొలత కలవడం లేదు, కొన్నిచోట్ల అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వచ్చాయి. ఉచితంగా గానీ కొద్ది ఖర్చుతో గానీ పని జరిగే సాఫ్ట్‌వేర్ చెప్పమన్నారు.

ముందు సూటిగా జవాబు. మీది విండోస్ కంప్యూటర్ అయితే ఆటోడెస్క్ వాళ్లదే డీడబ్ల్యూజీ ట్రూవ్యూ పెట్టుకోండి. పూర్తిగా ఉచితం. ఆటోకాడ్ తయారు చేసినవాళ్లదే కాబట్టి డీడబ్ల్యూజీ ఏ వెర్షన్‌దైనా మారాం చేయకుండా తెరుస్తుంది, అందులోంచే పీడీఎఫ్ ప్లాట్ (కాగితం, స్కేలు ఎంచుకుని ప్రింట్) చేసుకోవచ్చు. రోజూ కట్టలకొద్దీ ఫైళ్లు వస్తుంటే, లేదా మీది లినక్స్, మ్యాక్ అయితే క్యూకాడ్ ప్రొఫెషనల్ కొనుక్కోండి. ఆటోకాడ్ ఏడాది చందాతో పోలిస్తే దాని ధర లెక్కలోకి రాదు, ఒక్కసారి కొంటే చాలు. లినక్స్, మ్యాక్ మీద రూపాయి కూడా పెట్టలేననుకుంటే లిబ్రేకాడ్ ఉంది గానీ దాని హద్దులు దానికున్నాయి, కింద చెబుతాను.

కానీ మీ మూడు ఇబ్బందుల్లో ఏదీ సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన పోయేది కాదు. నేను చాలా ఏళ్లుగా డ్రాఫ్టింగ్, ప్లాటింగ్ పనిలో ఉన్నాను. పీడీఎఫ్ బాగా రాలేదని మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి సాఫ్ట్‌వేర్ బాగానే ఉంటుంది. కాగితం సైజు, స్కేలు, పెన్ను అనే మూడు సెట్టింగులను ఎవరూ చూసి ఉండరు. డీడబ్ల్యూజీకి వర్డ్ ఫైలుకున్నట్టు పేజీ అంటూ ఉండదు. అందులో షెడ్డు ఇరవై అడుగులు ఉంటే నిజంగా ఇరవై అడుగులుగానే గీసి ఉంటుంది. దాన్ని ఏ కాగితం మీద, ఎంత తగ్గించి, ఏ రంగు గీతను ఎంత మందంగా వేయాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఆన్‌లైన్ కన్వర్టర్‌లో ఆ నిర్ణయాలన్నీ అదే తీసేసుకుంటుంది. డ్రాయింగు మొత్తాన్ని ఏ4లోనో ఏ3లోనో పట్టేలా కుదించి, తెర మీద రంగులు ఎలా ఉంటే అలాగే దించేస్తుంది. మీకు జరిగింది అదే. పైగా కస్టమర్ ఇంటి ప్లానును ఎవరిదో తెలియని సర్వర్‌కి ఎక్కిస్తున్నారన్న సంగతి వేరే ఉంది. తప్పనిసరైతే ఆటోడెస్క్ వాళ్ల ఆన్‌లైన్ వ్యూయర్ వాడండి, అదీ ఉచితమే.

గీతలు ఎందుకు మాయమయ్యాయి

ఆటోకాడ్‌లో నల్ల తెర మీద పసుపు, సయాన్, ఆకుపచ్చ రంగులతో గీస్తాం. అవి తెల్ల కాగితం మీదికి అదే రంగులో వస్తే ఏం కనిపిస్తాయి? పసుపు గీత ఉందో లేదో వెతుక్కోవాలి. నలుపు తెలుపు ప్రింటర్‌కి పంపితే లేత బూడిద రంగులో చుక్కలు చుక్కలుగా పడుతుంది.

ట్రూవ్యూలో ఫైలు తెరిచి ప్లాట్ కొట్టగానే వచ్చే పెట్టెలో కుడివైపు ప్లాట్ స్టైల్ టేబుల్ (ఏ గీత ఏ రంగులో, ఎంత మందంగా పడాలో చెప్పే పట్టిక) అని ఉంటుంది. (పెట్టె చిన్నగా ఉండి అది కనిపించకపోతే కింద మూలనున్న బాణం గుర్తు నొక్కండి.) అక్కడ మోనోక్రోమ్.సీటీబీ ఎంచుకోండి. అన్ని రంగులూ గట్టి నలుపుగా వస్తాయి. మీ కష్టంలో సగం అక్కడే తీరుతుంది. ఆ జాబితాలో సీటీబీలు అసలు కనిపించక అన్నీ ఎస్‌టీబీ అని ఉంటే కంగారు పడకండి. ఆ డ్రాయింగు పేర్లతో నడిచే ప్లాట్ స్టైల్ పద్ధతిలో చేశారన్నమాట, మోనోక్రోమ్.ఎస్‌టీబీ ఎంచుకుని, గీతలు నల్లగా వస్తున్నాయో లేదో ప్రివ్యూలో చూడండి.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మన దగ్గర చాలామంది డ్రాఫ్ట్స్‌మెన్ గీత మందాన్ని లేయరులో (ఒక రకం గీతలన్నీ ఉంచే పొర) పెట్టరు, రంగుకి ముడిపెడతారు. ఎరుపు అంటే సన్న గీత, తెలుపు అంటే గోడ, ఆకుపచ్చ అంటే బీము, ఇలా. ఏ రంగు ఎన్ని మిల్లీమీటర్ల మందమో వాళ్ల సొంత సీటీబీ ఫైలులో ఉంటుంది. అది డీడబ్ల్యూజీలో ఇమిడి రాదు, విడి ఫైలు. మీరు మోనోక్రోమ్ పెడితే గీతలు నల్లగా వస్తాయి గానీ గోడ, కొలత గీత, సెంటర్ లైను అన్నీ ఒకే సన్నంతో వస్తాయి. షెడ్డు పనికి దాంతో సర్దుకోవచ్చు. బాగా ఇరుకైన కనెక్షన్ వివరాల్లో మాత్రం ఏది ప్లేటు అంచో, ఏది కొలత గీతో మీ వెల్డరుకి తెలియదు. అందుకే పంపినాయన్ని సీటీబీ ఫైలు కూడా అడగండి. కొన్ని కేబీలే ఉంటుంది. ట్రూవ్యూలో ప్రింట్ మెనూ కింద మేనేజ్ ప్లాట్ స్టైల్స్ నొక్కితే ఒక ఫోల్డరు తెరుచుకుంటుంది, అందులో పడేస్తే చాలు.

ఇక స్కేలు, అసలు చిక్కు ఇక్కడే

ఫైలు తెరవగానే తెర కింద ట్యాబులు చూడండి. మోడల్ అని ఒకటి, దాని పక్కన లేఅవుట్1 అనో, ప్లాన్ అనో, ఎస్‌టీ-01 అనో ఇంకొన్ని ఉంటాయి. లేఅవుట్ మీద నొక్కితే టైటిల్ బ్లాకుతో (డ్రాయింగు పేరు, స్కేలు లాంటి వివరాలు రాసే పెట్టె) సహా కాగితంలాగా కనిపిస్తే మీ అదృష్టం బాగుంది. గీసినాయన ప్లాట్‌కి అన్నీ సిద్ధం చేసే పంపాడు. ప్రింటర్ పేరు దగ్గర డీడబ్ల్యూజీ టు పీడీఎఫ్.పీసీ3, కాగితం దగ్గర ఆ టైటిల్ బ్లాకుకి తగిన సైజు, ప్లాట్ ఏరియా లేఅవుట్, స్కేలు 1:1 పెట్టండి. ఈ 1:1 చూసి భయపడకండి, 1:50, 1:100 లాంటి తగ్గింపులు లేఅవుట్‌లోని వ్యూపోర్టుల్లో (డ్రాయింగు కనిపించే కిటికీలు) ముందే ఉంటాయి.

కాగితం జాబితాలో ఏ1 అని రెండు మూడు రకాలు కనిపిస్తాయి. వాటిలో ఐఎస్ఓ ఫుల్ బ్లీడ్ అని ఉన్నది తీసుకోండి. మామూలు ఏ1లో ప్రింటర్ అంచుల కోసం చుట్టూ కొంత జాగా వదిలేస్తుంది, టైటిల్ బ్లాకు బయటి గీత తెగిపోతుంది.

లేఅవుట్ ఖాళీగా ఉండి, డ్రాయింగంతా మోడల్‌లోనే పడి ఉంటే (మన ఊళ్లలో వచ్చే ఫైళ్లలో ఇవే ఎక్కువ) స్కేలు మీరే పెట్టాలి. దానికి ముందు ఆ డ్రాయింగు ఏ యూనిట్‌లో గీశారో తెలుసుకోవాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఒకాయన మిల్లీమీటర్లలో గీస్తాడు, ఇంకొకాయన మీటర్లలో, మూడో ఆయన అంగుళాల్లో. పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. తెలుసుకోవడానికి మేం వాడే చిట్కా ఇది. మెజర్ పనిముట్టు తీసుకుని మామూలు తలుపు ఒకటి కొలవండి. 900 అనో 914 అనో వస్తే మిల్లీమీటర్లు. 0.9 వస్తే మీటర్లు. 36 అని గానీ 3'-0" అని గానీ వస్తే అంగుళాలు. ఉత్త 3 వస్తే అడుగులు. షెడ్డు డ్రాయింగులో తలుపు లేకపోతే కొలత రాసి ఉన్న ఏదో ఒక బే (రెండు స్తంభాల మధ్య ఖాళీ) పట్టుకుని అలాగే చూడండి.

ఇప్పుడు ప్లాట్ పెట్టెలో ఫిట్ టు పేపర్ ముందున్న టిక్కు తీసేయండి. 1:100 కావాలనుకుందాం. మిల్లీమీటర్ల డ్రాయింగైతే 1 ఎంఎం = 100 యూనిట్లు. మీటర్ల డ్రాయింగైతే 1 ఎంఎం = 0.1 యూనిట్. అంగుళాల డ్రాయింగైతే ఎంఎం బదులు ఇంచెస్ ఎంచుకుని 1 ఇంచ్ = 100 యూనిట్లు. మన పాతకాలం పద్ధతిలో అంగుళానికి ఎనిమిది అడుగుల స్కేలు కావాలంటే అంగుళాల డ్రాయింగుకి 1 ఇంచ్ = 96 యూనిట్లు, అడుగుల్లో గీసిన దానికి 1 ఇంచ్ = 8 యూనిట్లు. ప్లాట్ ఏరియా విండో పెట్టి, కావలసిన షీటుని మౌసుతో రెండు మూలలూ పట్టి ఎంచుకోండి. సెంటర్ ద ప్లాట్ టిక్కు పెట్టి ప్రివ్యూ చూడండి. షీటు కాగితంలో పట్టకుండా పక్కకి పోతుంటే పెద్ద కాగితమైనా తీసుకోవాలి, స్కేలైనా తగ్గించాలి. అంతేగానీ ఎలాగోలా పట్టిద్దామని మళ్లీ ఫిట్ టు పేపర్ నొక్కకండి.

ఏ స్కేలుకి ఏ కాగితం కావాలో నోటి లెక్కతో వేసుకోవచ్చు. 30 అడుగులు × 50 అడుగుల స్థలమంటే సుమారు 9.14 మీటర్లు × 15.24 మీటర్లు. 1:50లో అది కాగితం మీద 183 × 305 మిల్లీమీటర్లు అవుతుంది. ఏ3 కాగితం 297 × 420 కాబట్టి చుట్టూ కొలతలకీ టైటిల్ బ్లాకుకీ చోటు ఉంచి మరీ పడుతుంది. 1:100లో అయితే ఏ4 చాలు.

పీడీఎఫ్ వచ్చాక అడోబీ రీడర్‌లో తెరిచి, ఫైలు ప్రాపర్టీస్‌లో పేజీ సైజు చూడండి. ఏ1 అయితే 594 × 841 మిల్లీమీటర్లు ఉండాలి. తర్వాత అదే రీడర్‌లో ఉన్న మెజర్ పనిముట్టుతో తెలిసిన కొలత ఒకటి చూడండి. ఇరవై అడుగుల బే 1:100లో 61 మిల్లీమీటర్లకి ఒక వెంట్రుక తక్కువ రావాలి. వస్తే మీ పని అయిపోయింది. ఆ తర్వాత కొలత తప్పితే అది ప్రింటింగులో తప్పిందే.

ప్రింటింగులో తప్పడం అంటే

అడోబీలో గానీ, ఇంకే రీడర్‌లో గానీ ప్రింట్ కొట్టినప్పుడు ఫిట్, ష్రింక్, యాక్చువల్ సైజ్ అని అడుగుతుంది. జిరాక్స్ షాపుల్లో చాలాచోట్ల ఫిట్ అనే ఉంటుంది. వాళ్ల తప్పేం లేదు, పెళ్లి పత్రికకి, ఆధార్ కార్డుకి అదే కావాలి. మీరు మాత్రం "యాక్చువల్ సైజ్ పెట్టండి" అని నోరు తెరిచి అడగాలి. అవతలివాళ్లు చిరాకు పడినా సరే.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఒకాయన బేస్ ప్లేటుకి బోల్టు రంధ్రాల టెంప్లేటు 1:1లో తీయించుకుని మా దగ్గరికి వచ్చారు. రంధ్రాల మధ్య దూరం డ్రాయింగులో 220 మిల్లీమీటర్లు. ప్రింటు ఫిట్‌లో పడి నూటికి 97 పాళ్లకి తగ్గింది. కాగితం మీద 213 చిల్లర వచ్చింది. దాన్ని ప్లేటు మీద అతికించి పంచ్ కొట్టి డ్రిల్లు వేశారు. సైటులో జె బోల్టులు అప్పటికే కాంక్రీటులో బిగిసి ఉన్నాయి. దాదాపు ఏడు మిల్లీమీటర్ల తేడా అంటే 20 ఎంఎం బోల్టుకి 22 రంధ్రంలో ఎక్కడ దూరుతుంది? రంధ్రాలన్నీ గ్యాసుతో సాగదీసి, పైన వాషర్ ప్లేట్లు వేసి వెల్డింగు చేయాల్సి వచ్చింది.

కాబట్టి 1:1 టెంప్లేటు తీసేటప్పుడు షీటు మూలలో అడ్డంగా 100 మిల్లీమీటర్ల గీత ఒకటి, నిలువుగా ఒకటి గీయించి పెట్టుకోండి. ప్రింటు చేతికి రాగానే స్టీలు స్కేలుతో రెండూ చూడండి. రెండూ ఎందుకంటే రోల్ కాగితం ప్లాటర్లలో ఒక్కోసారి పొడవు వైపు కొద్దిగా సాగుతుంది, అడ్డంగా బాగానే ఉంటుంది. ఇంకో చిన్న విషయం, 300 × 300 ప్లేటు ఏ3లో పట్టదు, 297కి మూడు మిల్లీమీటర్లు ఎక్కువ. ఏ2 తీయించండి, లేదంటే రంధ్రాల వరకే ప్రింట్ వేసి సెంటర్ లైన్లు కలుపుకోండి.

ఏ1 డ్రాయింగుని ఏ3లో వేసుకోవడం మాత్రం నేను తరచూ చేస్తాను. ఏ3 పొడవు, వెడల్పు రెండూ ఏ1లో సరిగ్గా సగం. అంటే 1:50 డ్రాయింగు 1:100 అవుతుంది, లెక్క చెడదు. సైటులో పట్టుకు తిరగడానికి హాయిగా ఉంటుంది. ఏ1ని ఏ4కో, ఏ2ని ఏ3కో దించితే మాత్రం ఏ స్కేలుకీ అందని నిష్పత్తి వస్తుంది, దాని మీద స్కేలు పెట్టకండి.

ఆ మాటకొస్తే రాసి ఉన్న కొలతే ప్రమాణం. డ్రాయింగు కింద ఆ నోటు దాదాపు ప్రతి ఇంజినీరూ పెడతాడు. స్కేలు పెట్టి కొలవడం అనుమానం తీర్చుకోవడానికే గానీ స్టీలు కోయడానికి కాదు. కొలత రాయకుండా వదిలేసి ఉంటే ఫోన్ చేసి అడగండి.

ప్రశ్నార్థకాల సంగతి

ఆటోకాడ్‌లో అక్షరాలు రెండు రకాలు. విండోస్‌లో ఉండే ఏరియల్ లాంటి ట్రూటైప్ ఫాంట్లు ఒకటి, ఆటోకాడ్ సొంత ఎస్‌హెచ్ఎక్స్ ఫాంట్లు రెండోది. గీసినాయన వాడిన ఎస్‌హెచ్ఎక్స్ ఫాంటు మీ కంప్యూటర్‌లో లేకపోతే ప్రోగ్రాము ఇంకోదాన్ని పెట్టేస్తుంది. అందులో లేని గుర్తు వచ్చినచోట ప్రశ్నార్థకం పడుతుంది. మామూలు అక్షరాలు పోతే ఊహించుకోవచ్చు. వ్యాసం గుర్తు పోయి "12?" అని ఉంటే అది 12 ఎంఎం రాడ్డా, పన్నెండు సంఖ్యా అన్నది ఊహించే విషయం కాదు.

ట్రూవ్యూ ఫైలు తెరిచేటప్పుడు ఫలానా ఎస్‌హెచ్ఎక్స్ ఫైళ్లు లేవు అని ఒక పెట్టె చూపిస్తుంది. విసుగుతో ఇగ్నోర్ కొట్టేయకండి, ఆ పేర్లు రాసుకుని పంపినాయన్ని అడగండి. అన్నిటికంటే సుఖమైన దారి ఆయన్ని ఈట్రాన్స్‌మిట్ చేసి పంపమనడం. ఆటోకాడ్‌లో ఉండే ఆ కమాండు డ్రాయింగుతో పాటు ఎక్స్‌రెఫ్‌లు, సీటీబీ, సెట్టింగుల్లో ఎంచుకుంటే ఫాంట్లు కూడా కలిపి ఒక్క జిప్ ఫైలుగా కట్టేస్తుంది. ఎక్స్‌రెఫ్ అంటే ఒక డ్రాయింగులో అతికించిన ఇంకో డ్రాయింగు. అది రాకపోతే మీ షీటులో గ్రిడ్ లైన్లో, కాలమ్ లేఅవుటో మొత్తం ఎగిరిపోయి ఉంటుంది, దాని చోట ఫైలు పేరు మాత్రం చిన్నగా కనిపిస్తుంది.

తెలుగులో రాసిన టైటిల్ బ్లాకులకి ఇంకో తలనొప్పి. మన డీటీపీ వాళ్ల అను ఫాంట్లు యూనికోడ్ కాదు. ఆ ఫాంటు మీ దగ్గర లేకపోతే "యజమాని పేరు" అని ఉండాల్సినచోట ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు కలగలిసిన చెత్త కనిపిస్తుంది. అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. ఆ ఫాంటు ఉన్నచోట పీడీఎఫ్ చేయించడం తప్ప దారి లేదు.

పీడీఎఫ్‌లో పదం వెతికితే దొరకడం లేదని కొందరు అంటుంటారు. ఎస్‌హెచ్ఎక్స్ అక్షరాలు పీడీఎఫ్‌లోకి గీతలుగా వెళ్తాయి, అక్షరాలుగా కాదు. అందుకే చాలాసార్లు దొరకవు.

మిగతా సాఫ్ట్‌వేర్ల గురించి నా అభిప్రాయం

క్యూకాడ్ ప్రొఫెషనల్ డీడబ్ల్యూజీ నేరుగా చదువుతుంది, లేఅవుట్లు కూడా చూపిస్తుంది. దానితో పాటు డీడబ్ల్యూజీ2పీడీఎఫ్ అనే చిన్న పనిముట్టు వస్తుంది. ఫోల్డరులో ఉన్న ఫైళ్లన్నిటినీ కమాండుతో ఒకేసారి పీడీఎఫ్‌లు చేసేయొచ్చు. కొనకముందు ట్రయల్ వాడి చూడండి, పదిహేను నిమిషాలకోసారి ఆగిపోతుంది గానీ మీ ఫైళ్లు సరిగ్గా తెరుస్తుందో లేదో తేల్చుకోవడానికి అది చాలు. ఉచిత కమ్యూనిటీ ఎడిషన్ డీఎక్స్ఎఫ్ (వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య డ్రాయింగు మార్చుకునే ఫార్మాట్) వరకే.

లిబ్రేకాడ్ ఓపెన్ సోర్స్, పాత లాప్‌టాప్ మీద కూడా చకచకా నడుస్తుంది. దాని ఇష్టమైన ఫార్మాట్ డీఎక్స్ఎఫ్. డీడబ్ల్యూజీ చదువుతుంది గానీ అన్నీ కాదు. అందుకని ముందు ఓడీఏ ఫైల్ కన్వర్టర్ అనే ఉచిత పనిముట్టుతో డీడబ్ల్యూజీని డీఎక్స్ఎఫ్ చేసుకోవాలి. తర్వాత లిబ్రేకాడ్‌లో ప్రింట్ ప్రివ్యూకి వెళ్లి, నలుపు తెలుపు బొత్తం నొక్కి, స్కేలు పెట్టి పీడీఎఫ్ తీయొచ్చు. లేఅవుట్లు, వ్యూపోర్టులు దీనికి తెలియవు, అక్షరాలకి సొంత ఫాంట్లు వాడుతుంది కాబట్టి వెడల్పులు మారతాయి. ఒక గేటు, ఒక గ్రిల్, ఒక బ్రాకెట్ లాంటి చిన్న డ్రాయింగులకి చాలా బాగుంటుంది. పది షీట్ల స్ట్రక్చరల్ సెట్టుకి వద్దు.

ఫ్రీకాడ్ 2024 నవంబరులో 1.0 వెర్షన్‌కి చేరింది. అది త్రీడీ పనికి. స్టెప్ ఫైలు (త్రీడీ మోడల్) ఎవరైనా పంపితే అందులోని టెక్‌డ్రా విభాగంలో వ్యూలు పరిచి, కొలతలు పెట్టి పీడీఎఫ్ తీసుకోవచ్చు. ఉన్న డీడబ్ల్యూజీని ప్రింట్ తీయడానికే అయితే అంత దూరం పోనక్కర్లేదు. సాలిడ్‌వర్క్స్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ ఫైళ్లు వస్తే ఈడ్రాయింగ్స్ వ్యూయర్ ఉచితంగా దొరుకుతుంది.

ఇంటర్నెట్‌లో పాత పోస్టుల్లో డ్రాఫ్ట్‌సైట్ (ఆటోకాడ్ లాంటిదే) ఉచితం అని ఇంకా కనిపిస్తుంటుంది. ఆ ఉచిత వెర్షన్ 2019 చివరితో ఆగిపోయింది. ఇప్పుడు డబ్బు కట్టాలి. ఆటోకాడ్ స్టూడెంట్ లైసెన్సు తీసుకోమని కూడా కొందరు సలహా ఇస్తారు, అది చదువుకునేవాళ్లకి. వ్యాపారానికి వాడకూడదు.

విండోస్‌లోనే ఉండే మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ వాడొచ్చు కదా అంటారా, ఏ3 వరకు పర్వాలేదు. మామూలుగా అందులో ఏ1, ఏ0 సైజులు కనిపించవు. పెద్ద షీటు కావాలంటే ట్రూవ్యూలోని పీసీ3 ప్రింటరే వాడండి.

విడివిడిగా వచ్చిన పీడీఎఫ్‌లను ఒక్కటిగా కుట్టడానికి పీడీఎఫ్‌శామ్ బేసిక్ గానీ పీడీఎఫ్24 క్రియేటర్ గానీ ఉచితం, రెండూ కంప్యూటర్‌లోనే పనిచేస్తాయి. ట్రూవ్యూలో బ్యాచ్ ప్లాట్ కూడా ఉంది, లేఅవుట్లన్నీ వరసగా పెట్టి ఒకే ఫైలుగా తీయొచ్చు. పీడీఎఫ్ మరీ బరువుగా వస్తే కాంక్రీటు, ఇసుక చూపించడానికి నింపే హ్యాచింగుల మీద అనుమానపడండి. వేల చుక్కలు ఉంటాయి వాటిలో. ఆ లేయరు ఆపేసి ప్లాట్ చేస్తే మళ్లీ తేలికవుతుంది.

ఫైలే తెరుచుకోకపోతే ఒక చిట్కా. డీడబ్ల్యూజీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా పిచ్చి గుర్తులే ఉంటాయి గానీ మొదటి ఆరు అక్షరాలు చదవగలిగేలా ఉంటాయి. ఏసీ1032 అంటే ఆటోకాడ్ 2018 ఫార్మాట్, ఏసీ1027 అంటే 2013, ఏసీ1024 అంటే 2010, ఏసీ1015 అంటే 2000. మీ సాఫ్ట్‌వేర్ పాతదై ఫైలు కొత్తదైతే ట్రూవ్యూలోని డీడబ్ల్యూజీ కన్వర్ట్‌తో పాత ఫార్మాట్‌కి దించుకోవచ్చు. మొదట్లో ఏసీ అనే అక్షరాలే లేకపోతే ఫైలు దారిలోనే పాడైంది, లేదా ఎవరో వేరే ఫైలుకి పేరు మార్చి పంపారు. నోట్‌ప్యాడ్‌లో చూసి ఊరుకోండి, సేవ్ మాత్రం కొట్టకండి.

పీడీఎఫ్ ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. ప్రొఫైల్ కటింగు, లేజర్ కటింగు చేసేవాళ్లకి డీఎక్స్ఎఫ్ ఇవ్వండి, వాళ్ల మిషను గీతల్ని చదవాలి. అలాగే మున్సిపల్ ఆన్‌లైన్ అనుమతుల్లో లేయర్ల పేర్లు చూసి నిబంధనలు తనిఖీ చేసే పద్ధతి ఉన్నచోట డీడబ్ల్యూజీనే ఎక్కించాలి, పీడీఎఫ్ దానికి బదులు కాదు. ఆ పని లైసెన్సున్న టెక్నికల్ పర్సన్ చూసుకుంటారు, మీ దాకా రాదు.

ఇంత చెప్పాక నా అసలు సలహా ఏమిటంటే, వీలైనంతవరకు మీరు పీడీఎఫ్ చేయకండి, గీసినాయన చేతే చేయించండి. ఆయన దగ్గర ఫాంట్లు, సీటీబీ, ఎక్స్‌రెఫ్‌లు అన్నీ ఉంటాయి, రెండు నిమిషాల పని. పైగా రివిజన్ నంబరుతో ఆయన పంపిన పీడీఎఫ్ ప్రకారం మీరు కోశారంటే రేపు మాట వచ్చినప్పుడు చూపించడానికి కాగితం ఉంటుంది. మీరు మీ సెట్టింగులతో తీసిన పీడీఎఫ్‌లో ఒక లేయరు ఆగిపోయి ఉంటే ఆ పంచాయతీ మీ మెడకే చుట్టుకుంటుంది. ఆర్డరు ఒప్పుకునేటప్పుడే వాట్సాప్‌లో ఇలా పెట్టేయండి:

"సార్, డ్రాయింగులు పీడీఎఫ్‌లో పంపగలరు. షీటు సైజు, స్కేలు, రివిజన్ నంబరు టైటిల్ బ్లాకులో ఉండాలి. నలుపు తెలుపులో ప్లాట్ చేయండి. డీడబ్ల్యూజీ కూడా పంపేటట్టయితే ఈట్రాన్స్‌మిట్ జిప్‌గా పంపండి. ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి."

ఆ చివరి మాట తప్పకుండా ఉండాలి. పీడీఎఫ్‌ని స్క్రీన్‌షాట్ తీసి ఫోటోగా పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దాన్ని పెద్దది చేస్తే 3కి, 8కి తేడా తెలియదు.

ట్రూవ్యూ పెట్టుకుని చూశాక కూడా గీతలు నల్లగా రాకపోయినా, స్కేలు కలవకపోయినా ప్లాట్ పెట్టె స్క్రీన్‌షాటు, తలుపు కొలిస్తే వచ్చిన అంకె, ఫైలు మొదటి ఆరు అక్షరాలు ఇక్కడ పెట్టండి. కస్టమర్ పేరు, అడ్రసు కనపడకుండా చెరిపి పెట్టండి. చూసి చెబుతాను.